వెన్ను ఆపరేషన్ తర్వాత నన్ను దెబ్బతీసింది బాగున్న రోజే

నిన్న హైదరాబాద్‌లో నాలుగో నెల చెకప్‌కి వెళ్లొచ్చాను. ఎక్స్‌రేలో రాడ్లూ స్క్రూలూ ఎక్కడివక్కడే ఉన్నాయన్నారు. రెండు నెలలుగా నా చేతులారా పాడుచేసుకున్నానేమోనని ఒకటే టెన్షన్, అది తీరాకే ఇది రాస్తున్నా.

నాకు 36 ఏళ్లు. స్కోలియోసిస్, అంటే వెన్నెముక పక్కకి ఒంగి మెలి తిరగడం, పదో తరగతి నుంచీ ఉంది. వంపు 58 డిగ్రీలకి చేరి ఎడమ కాలు లాగడం మొదలయ్యాక ఫ్యూజన్ సర్జరీ, అంటే వెన్నుపూసల్ని రాడ్లూ స్క్రూలతో బిగించి ఒకే ఎముకలా అతుక్కునేలా చేసే ఆపరేషన్, చేయించుకున్నాను. 7 గంటలు పట్టింది. మర్నాడే నిలబెట్టి నాలుగడుగులు వేయించారు, ఆరో రోజు ఇంటికి పంపేశారు. అంతా సాఫీగానే జరిగింది.

డిశ్చార్జి కాగితంలో వంగకూడదు, మెలి తిరగకూడదు, బరువులెత్తకూడదు, తేలికపాటి పనులు చేసుకోవచ్చు అని రాసిచ్చారు. ఆ తేలికపాటి అన్న మాటే నా కొంప ముంచింది. ఎంతసేపు కూర్చోవాలో, ఎంతసేపు నిలబడాలో ఒక్కరూ చెప్పలేదు. లక్షలు కట్టించుకున్నవాళ్లు ఆ ఒక్క ముక్క రాసివ్వొచ్చు కదా!

ఏడో వారంలో ఒకరోజు పొద్దున్న లేస్తే నొప్పి దాదాపు లేదు. ఆరోజే పిన్ని వాళ్ల గృహప్రవేశం. అంతకుముందు వారం చూడ్డానికొచ్చిన ఒకావిడ "సిజేరియన్ అయినవాళ్లే నెలకి వంటింట్లోకి వెళ్తున్నారు, నువ్వింకా అమ్మచేత చేయించుకుంటున్నావా" అని పోయింది. అది గుచ్చుకునే ఉంది. అందుకని నిలబడి పులిహోర కలిపాను, బట్టలు మడతపెట్టాను, చీర కట్టుకుని వెళ్లి ప్లాస్టిక్ కుర్చీలో మూడు గంటలు కూర్చున్నాను. అందరూ "బాగా కోలుకున్నావే" అంటుంటే ఎంత సంతోషమేసిందో. భోజనాలకి పిలిచారు. లేవబోతే లేవలేకపోయాను. కుర్చీ పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించాను, కాళ్లు వణికాయి. చివరికి వదిన, ఇంకెవరో చెరోపక్క పట్టి లేపారు. వడ్డిస్తున్నవాళ్లు కూడా ఆగి చూస్తున్నారు. కుచ్చిళ్లు కాలికింద పడి జారిపోతే వంగి సర్దుకోలేను, 64 ఏళ్ల అమ్మ, మోకాళ్ల నొప్పులున్న అమ్మ, నేలమీద కూర్చుని ఒక్కో కుచ్చీ దోపింది. ఆమె లేచేటప్పుడు చెయ్యందించడానికి కూడా నాకు వీల్లేదు.

తర్వాత నాలుగు రోజులు మంచం దిగలేదు. అప్పుడు ఫిజియోథెరపిస్టు వివరంగా చెప్పింది. ఆపరేషన్‌లో వీపు కండరాల్ని ఎముక మీంచి పక్కకి తప్పిస్తారట, అవి కోలుకోవడానికే నెలలు పడుతుంది. ఎముక అతుక్కోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది, అప్పటిదాకా భారమంతా రాడ్ల మీదే. ఎక్కువ చేసిన సంగతి అప్పుడు తెలియదు, మర్నాడు తెలుస్తుంది.

అప్పట్నుంచి ఫోన్‌లో అలారం పెట్టుకుంటున్నాను. కూర్చున్నా నిలబడ్డా ఒక్కసారికి 20 నిమిషాలతో మొదలుపెట్టి వారానికి కొంచెం కొంచెంగా పెంచుతూ 50కి వచ్చాను. మోగిందంటే కూర సగం తరిగి ఉన్నా వదిలేసి వెళ్లి పడుకుంటాను. ఒళ్లు తేలిగ్గా ఉన్న రోజు కూడా అంతే, ఆరోజే మరీ గట్టిగా. కింద పడ్డవి తీసుకునే పొడుగాటి పట్టుకర్ర ఒకటి కొనుక్కోండి. పక్క మీంచి లేచేటప్పుడు మోకాళ్లు ముడిచి, భుజం, తుంటి ఒకేసారి పక్కకి దొర్లించి, అప్పుడు మోచేత్తో లేవండి. చుట్టాల్ని రెండు నెలలు రావద్దని మొహమాటం లేకుండా చెప్పేయండి.

నిన్న హైదరాబాద్ నుంచి విజయవాడ వచ్చేటప్పుడు దారిలో ఐదుసార్లు కారు ఆపించి, ప్రతిసారీ పది నిమిషాలు నడిచాను. సూర్యాపేట దగ్గర డ్రైవర్ "మళ్లీనా అమ్మా" అన్నాడు. మళ్లీనే అన్నాను.