పశ్చిమోత్తానాసనంతో ఈ నెల

ఈ నెల యోగా సాధనలో ముప్పాతిక వంతు పశ్చిమోత్తానాసనానికే, అంటే కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే ఆసనానికే పోయింది. చేతులింకా చీలమండల దగ్గరే ఆగుతున్నాయి. అయినా మెరుగైందనే అంటాను, ఎందుకంటే ఇప్పుడు వంగడం తుంటి దగ్గర మొదలవుతోంది.

తొడ వెనక కండరాలు పైన కూర్చునే ఎముకలకు (పిరుదుల అడుగున నేలకు ఆనేవి), కింద మోకాలు దాటి అతుక్కుని ఉంటాయి. అవి బిగుసుకుంటే కటి (తుంటి ఎముకల గూడు) ముందుకు వాలదు. ఆ కొరతంతా నడుము వంచి పూడ్చుకుంటాం. వేళ్లు పాదాలకు అందుతాయి గానీ వీపు తాబేటి చిప్పలా తేలుతుంది. మోకాళ్లు కాస్త మడిస్తే కండరాలు వదులై కటి కదులుతుంది.

అందుకే ముందు దుప్పటి మడతపెట్టి దాని అంచు మీద కూర్చుంటాను. తొడల కిందికి దుప్పటి రాకూడదు, వస్తే లాభం లేదు. మోకాళ్లు మడిచి పొట్టను తొడలకు ఆనించి, అప్పుడు మడమలను మెల్లగా ముందుకు జరుపుతాను. పొట్ట తొడను వదిలిన చోటే ఆ రోజుకి హద్దు. పాదాలకు బెల్టు వేసి పట్టుకుంటే భుజాలు బిగుసుకోవు, తువ్వాలైనా చాలు. అక్కడ 5 నిదానమైన శ్వాసలు. లాగడం తొడ మధ్యలో తెలియాలి. మోకాలి వెనకో, కూర్చునే ఎముక దగ్గరో తెలిస్తే వెనక్కి వచ్చేస్తాను. పొద్దున్నే ఒళ్లు పట్టేసి ఉంటుంది కాబట్టి నాకైతే సాయంత్రమే నయం.

ఆదివారాలు పిన్నికీ, చెల్లికీ నేర్పుతున్నాను. “నుదురు మోకాళ్లకు తగలాలి కదా?” అని పిన్ని పట్టు. ఆవిడ అన్నదీ నిజమే, 15వ శతాబ్దపు యోగ గ్రంథం హఠయోగ ప్రదీపికలో కాళ్లు చాపి, కాలివేళ్లు పట్టుకుని, నుదురు మోకాళ్ల మీద ఆనించమనే ఉంది. “అది చివరి మెట్టు పిన్నీ, ముందు బొడ్డు తొడల మీదికి రానీ” అన్నాను. “నడుము నిటారుగా పెట్టు” అంటే మాత్రం పిన్ని రొమ్ము ముందుకు విరుచుకుంటోంది. చివరికి చేతి వెనక భాగాన్ని నడుముకు ఆనించుకుని వంగమన్నాను. నడుము గుండ్రమయ్యే చోటు తన చేతికే తగిలింది. “ఇదా నువ్వు ఇన్నాళ్లూ మొత్తుకుంటున్నది!” అంది. నా మాటలన్నిటికంటే ఆ చెయ్యే బాగా నేర్పింది.

చెల్లిది వేరే తంటా. ఇట్టే మడతపడిపోతుంది, కండరాలకు పనే ఉండదు. తనను తొడలు బిగించి నేలకు నొక్కమని, సగంలోనే ఆపుతున్నాను. తనకది నచ్చట్లేదు.

వంగి ఉండి మాట్లాడితే నా గొంతు పూడుకుపోతోంది, పైగా వాళ్లు కనిపించరు. అందుకే ఒకసారి మాట్లాడకుండా చేసి చూపించి లేచి, పక్కనుంచి చూస్తూ చెప్తున్నాను. నిలబడి పక్కకు వంగే త్రికోణాసనంలో వాళ్లకు ఎదురుగా నిలబడితే నా ఎడమ కాలు తిప్పుతూ “కుడి కాలు” అనాలి. ఇదింకా నోటికి పూర్తిగా అలవాటు కాలేదు.

వెన్నెముక డిస్క్ సమస్య, సయాటికా (నడుము నుంచి కాలిలోకి పాకే నరం నొప్పి) ఉన్నవాళ్లు అడిగితే డాక్టరు సరేననే దాకా ఈ ఆసనం నేర్పను. వచ్చే నెల పిన్నికి సుప్త పాదాంగుష్ఠాసనం మొదలుపెడతాను. వెల్లకిలా పడుకుని ఒక కాలు ఎత్తి బెల్టుతో పట్టుకునేది కాబట్టి వీపుకు నేల ఆసరా ఉంటుంది. నాకేమో దుప్పటి ఒక మడత తగ్గించి చూడాలి.