చేపల లారీతో కారు స్టార్ట్ చేసిన రోజు

కనుమ నాడు కాకైనా కదలదని మా అత్తగారు పట్టుబట్టడంతో తిరుగు ప్రయాణం ముక్కనుమకు వాయిదా పడింది. తీరా ఆ రోజు తెల్లవారుజామున డిక్కీలో సున్నుండలు, పూతరేకులు, ఒక బస్తా కొత్త బియ్యం సర్దుకుని తాళం తిప్పితే కారు కూడా కదలనంది. టకటకమని సన్నటి చప్పుడు, మీటరు దగ్గర లైట్లు వెలిగి మసకబారడం, అంతే. సెల్ఫ్ తిరగలేదు.

పాలకొల్లు దగ్గర అత్తగారి ఊరు. అక్కడి నుంచి హైదరాబాదు దాదాపు 400 కిలోమీటర్లు. మర్నాడు ఆఫీసు. పొద్దెక్కే కొద్దీ పంతంగి టోల్‌ప్లాజా దగ్గర పండగ రద్దీ ఎలా ఉంటుందో ఆ దారిన వచ్చినవాళ్లందరికీ తెలుసు. ఆ టెన్షన్‌లో నా ఇన్సూరెన్సు పాలసీలో రోడ్డు మీద సాయానికి నేను విడిగా డబ్బు కట్టిన సంగతే గుర్తు రాలేదు. ఫోన్ చేస్తే ఎవరో ఒకరు వచ్చి స్టార్ట్ చేసి వెళ్లేవారు. ఇది తలచుకున్నప్పుడల్లా నా మీద నాకే కోపం వస్తుంది.

మా బావమరిది మాత్రం చాలా ధీమాగా ఉన్నాడు. "బావా, అయిదు నిమిషాల పని. మావాడి లారీ చెరువు దగ్గరికి వెళ్తోంది, ఆపుతాను" అన్నాడు. వచ్చింది చేపల లోడుకు వెళ్తున్న పెద్ద లారీ. బ్యాటరీ దిగిపోయిన బండికి ఇంకో బండి బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చే జంపర్ కేబుళ్లు కూడా డ్రైవరు దగ్గర ఉన్నాయి. చాలాసార్లు పెట్టానన్నాడు. ఏ బండికి పెట్టాడో నేను అడగలేదు. మా మామగారు ఒక్కరే "అల్లుడుగారూ, మెకానిక్‌ని పిలిస్తే పోలేదా?" అన్నారు. "ఏం కాదులెండి మామయ్యగారూ" అన్నాను.

కారు బ్యాటరీ 12 వోల్టులు. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. లారీలో రెండు బ్యాటరీలు పక్కపక్కనే ఉంటాయి. వాటిని వరసగా కలుపుతారు కాబట్టి మొత్తం 24. ఇంజిన్ నడుస్తుంటే అది 28 దాకా పోతుంది. రెండు బ్యాటరీలు కళ్ల ముందే కనబడుతున్నా నాకు ఆ లెక్క తట్టలేదు. బ్యాటరీ ఎంత పెద్దదైతే అంత తొందరగా స్టార్టవుతుందనుకున్నాను.

నిజంగానే తొందరగా స్టార్టయింది. తాళం తిప్పీ తిప్పగానే సెల్ఫ్ నేనెప్పుడూ వినని స్పీడులో గిర్రున తిరిగింది. ఇంజిన్ అందుకుంది. లోపల లైటు తెల్లగా ట్యూబులైటులా వెలిగింది, ఏసీ బ్లోవర్ ఊళ పెట్టింది, మధ్యలో ఉన్న స్క్రీన్ ఒక్కసారి మెరిసి నల్లబడింది. ఆ వెంటనే కాలిన వాసన. పదీ పదిహేను సెకన్లు గడిచి ఉంటాయి. నేను "తీసెయ్, తీసెయ్" అని అరిస్తే మా బావమరిది బ్యాటరీ మీది క్లిప్పు పట్టి లాగేశాడు. చిటుక్కున పెద్ద నిప్పురవ్వ లేచింది. కేబుల్ ఊడిన మరుక్షణం ఇంజిన్ రెండుసార్లు ఎగశ్వాస తీసి ఆగిపోయింది.

పాలకొల్లు నుంచి ఆటో ఎలక్ట్రీషియన్ వచ్చేసరికి తొమ్మిది దాటింది. అరవై దాటిన మనిషి. మోపెడ్ ముందు భాగంలో ఒక బ్యాటరీ పెట్టుకుని వచ్చారు. ఏ కారు, ఏ మోడలు అని అడగలేదు. "లారీతో పెట్టారా? ఎంతసేపు ఉంచారండి?" అన్నారు. పదిహేను సెకన్లన్నాను. "అయితే బతికే ఉంటాది లెండి" అన్నారు.

ఆ మాట వెనక ఎంత లెక్క ఉందో తర్వాత తీరిగ్గా చదువుకున్నప్పుడు తెలిసింది. ఇలాంటి పొరపాట్లు లోకమంతా జరుగుతాయి కాబట్టి, కారు ఎలక్ట్రానిక్సు 24 వోల్టులను ఒక నిమిషం పాటు తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష, వాహనాల ఎలక్ట్రానిక్సు కోసం పెట్టిన ఐఎస్ఓ 16750 అనే అంతర్జాతీయ ప్రమాణంలోనే ఉంది. ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీయూ, బతికిందంటే కారణం అదే అయి ఉంటుంది. అయితే మాది 24 కాదు, నడుస్తున్న లారీ. పైగా కారు కొన్నాక బయట బిగించిన సరుకు ఏ పరీక్షకు నిలబడిందో ఎవరికి తెలుసు?

ఆయన తెచ్చిన బ్యాటరీ మార్చి స్టార్ట్ చేస్తే ఇంజిన్ మామూలుగానే నడిచింది. కానీ మీటరులో ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, స్టీరింగ్, బ్యాటరీ గుర్తులన్నీ బొమ్మల కొలువులా వెలుగుతున్నాయి. స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయింది. ఆయన మీటరు పెట్టి చూపించారు: ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర సుమారు 14 వోల్టులు కనబడాలి, మాకు 12.2 దగ్గర మొదలై మెల్లగా పడిపోతోంది. "డైనమో చార్జింగ్ ఇవ్వట్లేదండి. కటౌట్ పోయింది" అన్నారు. ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించేదాన్ని కొత్తవాళ్లు ఆల్టర్నేటర్ అని, దాని వోల్టులను అదుపులో ఉంచేదాన్ని రెగ్యులేటర్ అని అంటారు. ఆయన నోట పాత పేర్లే.

బండిని ఆయన షెడ్డుకు తీసుకెళ్లి ఆల్టర్నేటర్ విప్పితే రెగ్యులేటరు నిజంగానే మాడిపోయి ఉంది. కరెంటును ఒకే వైపు పోనిచ్చే లోపలి డయోడ్లు బాగానే ఉన్నాయి. ప్లస్సు, మైనస్సు తారుమారు చేసి ఉంటే ముందు అవే పోయేవని, వాటితో పాటు పెద్ద ఫ్యూజు కూడా పోయేదని చెప్పారు. కొత్త రెగ్యులేటరు భీమవరం నుంచి రావడానికి సాయంత్రమైంది. స్కానర్ పెట్టి చూస్తే ఏబీఎస్, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్ మూడూ కరెంటు సరిగ్గా అందలేదని పెట్టుకున్న ఫిర్యాదులే తప్ప దేనికీ దెబ్బ తగల్లేదు. కోడ్లు చెరిపేసి, స్టీరింగ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పించాక లైట్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. అంత హాయిగా నేను ఊపిరి పీల్చుకుని చాలా రోజులైంది.

స్క్రీన్ మాత్రం వెలగలేదు. అది హైదరాబాదు వచ్చాక ఇంకో కథ. ఒక పెద్ద సర్వీస్ సెంటర్లో తెరిచి కూడా చూడకుండా మొత్తం సెట్టు మార్చాలి, 42 వేలు అన్నారు. ఇన్సూరెన్సుకు ఫోన్ చేస్తే, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ పాలసీలోకి రాదన్నారు. పాలసీ కాగితం తీసి చూస్తే ఆ మాట నిజంగానే రాసి ఉంది. వాళ్లను తిట్టడానికీ లేదు. చివరికి కారు స్టీరియోలు బాగుచేసే ఒక కుర్రాడు విప్పి, సెట్టులో కరెంటు లోపలికి వచ్చే చోట వరిగింజంత డయోడ్ ఒకటి షార్టయి, ఫ్యూజు పోయిందని చూపించాడు. వోల్టులు మితిమీరితే తాను షార్టయి ఫ్యూజును కొట్టేయడమే దాని ఉద్యోగమట. అది చచ్చి సెట్టును బతికించింది. అతను తీసుకున్నది 1,800.

మళ్లీ పాలకొల్లు షెడ్డుకు వస్తాను, ఎందుకంటే అసలు సంగతి అక్కడే బయటపడింది. అంతా అయ్యాక నేను డబ్బులు తీస్తుంటే ఆయన "ఉండండి. బ్యాటరీ ఎందుకు దిగిందో చూడొద్దా?" అన్నారు. పొద్దుటి నుంచి మాలో ఒక్కరికీ ఈ ప్రశ్న రాలేదు. బ్యాటరీకి మూడేళ్లే.

మైనస్ కేబుల్ విప్పి, ఆ కేబుల్‌కూ బ్యాటరీకీ మధ్య మీటరు పెట్టి, కారు లాక్ చేసి అరగంట కూర్చోబెట్టారు. తాళం తీసేసినా కారులో కంప్యూటర్లు వెంటనే పడుకోవు, ఒక్కొక్కటే నిద్రలోకి జారుకుంటాయి. అంతా పడుకున్నాక 50 మిల్లీ యాంపుల కంటే తక్కువ కనబడాలి. మాకు 340 దగ్గర ఆగిపోయింది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ వెళ్తే, ఒక దాని దగ్గర అంకె 20కి పడింది. ఆ ఫ్యూజుకు తగిలించి ఉన్నది నా డ్యాష్‌క్యామ్, అంటే ముందు అద్దం దగ్గర దారిని రికార్డు చేసే కెమెరా, వైరు.

దసరాకు ఒక యాక్సెసరీస్ షాపులో పెట్టించాను. తాళంతో పాటు ఆగిపోయే ఫ్యూజుకు కాకుండా, ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజుకు కలిపారు. పార్కింగులో కూడా రికార్డవుతుందని చెబితే సంబరపడ్డాను. బ్యాటరీ దిగిపోతుంటే దానంతట అదే ఆగే ఏర్పాటు ఆ చవక వైరులో లేదు. రోజూ తిప్పే బండి కాబట్టి హైదరాబాదులో తెలియలేదు. భోగికి ముందు రోజు వచ్చి అరుగు పక్కన పెట్టిన కారును ముక్కనుమ దాకా ముట్టుకోలేదు. 340 మిల్లీ యాంపులంటే రోజుకు ఎనిమిది యాంపియర్ అవర్లు పైన. నాలుగు రోజులకు ముప్పై రెండు. నా బ్యాటరీ మొత్తం 35. దానికి తోడు పాప, వాళ్ల మామయ్య కలిసి అందులో కూర్చుని పాటలు.

జంపర్ కేబుళ్లు పెట్టే పద్ధతి కూడా ఆ సాయంత్రమే నేర్పించారు. రెండూ 12 వోల్టుల బండ్లే కావాలి. ఎర్రది ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్సుకు, తర్వాత మంచిదాని ప్లస్సుకు. నల్లది మంచిదాని మైనస్సుకు. ఆఖరి నల్ల క్లిప్పు చచ్చిన బ్యాటరీ మీద కాదు, దానికి దూరంగా ఇంజిన్ మీద రంగు లేని ఇనుముకు. బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంటుంది కాబట్టి ఆఖరి నిప్పురవ్వ అక్కడ పడకూడదు. తీసేటప్పుడు సరిగ్గా తలకిందులు. పొద్దున మా బావమరిది క్లిప్పు లాగింది బ్యాటరీ నెత్తి మీద నుంచే. ఎలక్ట్రీషియన్ తన ప్యాంటు మోకాళ్ల దగ్గర యాసిడ్ చిల్లులు చూపించి, "ఇది గుడ్డ కాబట్టి సరిపోయిందండి" అన్నారు.

మరి లారీలో ఒక్క బ్యాటరీ నుంచే తీసుకుంటే 12 వోల్టులేగా అని నా తెలివి ప్రదర్శించాను. రెండింట్లో పొరపాటున, మైనస్సు లారీ బాడీకి కలపని బ్యాటరీకి పెడితే దాని మైనస్సు లారీ బాడీ కంటే 12 వోల్టులు ఎక్కువలో ఉంటుంది, రెండు బండ్లు ఎక్కడ తగిలినా షార్టే అన్నారు. "ఆ లెక్కలన్నీ తెల్లారగట్ల చీకట్లో ఎందుకండీ" అని నవ్వారు.

ఆ రాత్రి కూడా అత్తగారింట్లోనే ఉన్నాం. కనుమ నాడు ఆగమన్నందుకు కారు కూడా తన మాటే విన్నదని మా అత్తగారు ఊళ్లో అందరికీ చెప్పారు.

డ్యాష్‌క్యామ్ విప్పేసి ఇంటికొచ్చాక అందులోని కార్డు కంప్యూటరుకు పెట్టి చూశాను. దాని అడాప్టరు మీద 12 నుంచి 30 వోల్టుల దాకా అని ఉంది, అంచేత దానికేమీ కాలేదు. కేబుల్ తగలగానే అది కూడా లేచి తన పని తాను చేసింది. బానెట్ ఎత్తి ఉండడంతో బొమ్మలో నల్లటి రేకు తప్ప ఏమీ లేదు. మాటలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. మా మామగారు మెకానిక్‌ని పిలుద్దామని ఇంకోసారి అంటున్నారు. "ఏం కాదులెండి" అంటున్నాను నేను.