ఎడమ మూల చుక్క: ఏసీ కడిగాక తొమ్మిదో రాత్రి

మే 19, రాత్రి 10.40

ఆగింది! పూర్తిగా కాదు కానీ దాదాపు ఆగినట్టే. పడకగది ఏసీ ఎడమ మూల నుంచి నిమిషానికి 26 చుక్కలు పడేవి, ఇప్పుడు పది నిమిషాలకు ఒకటి. ఇంత సంతోషంగా నిద్రపోయి తొమ్మిది రోజులైంది కాబట్టి, మర్చిపోకముందే అంతా రాసేస్తున్నాను.

కడిగింది 10వ తేదీన. ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్, కొని ఐదేళ్లయింది. కడగడం బాగానే అయింది: 33 డిగ్రీలున్న గది 27కు రావడానికి ఇదివరకు 45 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 22 చాలు. ముక్కిపోయిన వాసన కూడా పోయింది.

చుక్క మరుసటి రాత్రి మొదలైంది. ఏసీ వేసిన నలభై నిమిషాల దాకా ఏమీ ఉండదు. తర్వాత ఎడమ మూలన, గాలి రెక్క పక్కన ఒక చుక్క ఉబ్బుతుంది, జారుతుంది, వెంటనే ఇంకొకటి. కింద స్టీలు గ్లాసు పెడితే గంటలో 80 మిల్లీలీటర్లు చేరాయి. అదే గంటలో బాల్కనీ పైపు కింద పెట్టిన బకెట్లోకి లీటరూ 150 మిల్లీలీటర్లు వచ్చాయి. అంటే నీళ్లు ఎక్కువ భాగం సరైన దారినే పోతున్నాయి. కొంచెం మాత్రమే దారి తప్పుతోంది.

మొదట బాల్కనీలోకి నీళ్లు పోయే పైపు మూసుకుందనుకున్నాను. ఏసీకి కరెంటు పూర్తిగా ఆపే ఎంసీబీ స్విచ్చు దించి, మూత తీసి, నీళ్లు పట్టే ముందు వైపు ట్రేలో లీటరు నీళ్లు నిదానంగా పోశాను. నిమిషం పది సెకన్లలో మొత్తం వెళ్లిపోయాయి. ఎడమ మూలన చుక్క లేదు. అయినా అనుమానం తీరక, బాల్కనీ వైపు క్లిప్పు ఊడి పైపు వేలాడుతున్న చోట కొత్త క్లిప్పు కొట్టి వాలు సరిచేశాను. ఆ రాత్రి 25 చుక్కలు.

తర్వాత మట్టం. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో రెండు చివరలా చూశాను. తేడా 2 మిల్లీమీటర్లు, అదీ కుడికి, అంటే పైపు వైపే వాలు. అది కూడా కాదు. గాలిని చల్లబరిచే కాయిల్ మీద మంచు కడుతోందేమోనని గంట నడిచాక మూత ఎత్తి టార్చి వేశాను. మంచు లేదు, రాగి పైపు మీద కూడా లేదు. ఒట్టి ఫ్యాన్ మోడ్‌లో రెండు గంటలు నడిపితే ఒక్క చుక్క పడలేదు. గది బాగా ఉక్కగా ఉన్న రాత్రి మాత్రం 30 దాకా వెళ్లింది. అంటే కూలింగులో పుట్టే నీళ్లే, కానీ నేను పోసిన నీళ్లు వెళ్లిన దారిన వెళ్లడం లేదు.

దారి దొరికింది ఉజాలాతో. గ్లాసు నీళ్లలో నాలుగు చుక్కలు కలిపి, ఏసీ ఆపి, ముందు ట్రేలో పోసి, మూత పెట్టి మళ్లీ వేశాను. బాల్కనీలో నిమిషంలోనే నీలం నీళ్లు. లోపల కారుతున్న చుక్క కింద మా అమ్మాయి తెల్ల చేతిరుమాలు పట్టుకుని నిలబడింది. "నాన్నా, నీలం లేదు, మామూలు నీళ్లే" అంది. అంటే కారేది ముందు ట్రే నీళ్లు కాదు!

కాయిల్‌కు వెనక భాగం కూడా ఉంటుంది కదా. దాని నీళ్లు గాలి తోసే బ్లోయర్ వెనకున్న సన్నటి కాలువలో పడి, మా యూనిట్లో ఎడమ చివర ఒక చిన్న సందులోంచి ముందు ట్రేలోకి వస్తాయి. 10న కడిగేటప్పుడు నేను పై నుంచి, ముందు నుంచి గట్టిగా స్ప్రే చేశాను. ఆ మురికి కాయిల్ దాటి వెనక్కి వెళ్లి కాలువలో కూర్చుని, సందును మూసేసింది. ముందు ట్రేలో పది లీటర్లు పోసినా ఇది బయటపడదు.

ఈ రోజు సాయంత్రం మళ్లీ ఎంసీబీ దించాను. రిమోట్‌తో ఆపితే లోపలి సర్క్యూట్ బోర్డుకు కరెంటు వస్తూనే ఉంటుంది. కుడి పక్క బోర్డుకు పాలిథిన్ కవరు చుట్టి టేపు వేశాను. అక్వేరియం గాలి గొట్టం, నాలుగు మిల్లీమీటర్లది, 50 మిల్లీలీటర్ల సిరంజికి తగిలించి వెనక కాలువలోకి దించాను. రాగి పైపులను ఇంచు కూడా కదపలేదు. లోపలున్నది మంటంటుకునే గుణమున్న ఆర్32 గ్యాస్, ఆ పని మెకానిక్‌దే. మొదటి లాగుడుకే సిరంజిలోకి నల్లటి జిగురు వచ్చింది. నానిన సబ్జా గింజలు నలిపినట్టుంది, మధ్యలో దుప్పటి పీచు, ఒక దోమ రెక్క. పదకొండు సిరంజిలు లాగాను. తర్వాత రెండు లీటర్ల గోరువెచ్చని నీళ్లు సన్నగా పోస్తే, ఎడమ సందులోంచి ముందు ట్రేలోకి ధారగా వచ్చాయి.

కడగనక్కర్లేదని అమ్మే నురగ స్ప్రేల మీద నాకు నమ్మకం లేదు. నురగ మురికిని వదులు చేస్తుందే తప్ప బయటికి పంపదు, పంపేది నీళ్లే. గిన్నెలు తోమే విమ్ ద్రవం లీటరుకు నాలుగు చుక్కలు, రెండు లీటర్ల మొక్కల స్ప్రేయర్, ఇంతకు మించి అక్కర్లేదు. యాసిడ్, కాస్టిక్ కలిసినవి కాయిల్ అల్యూమినియం రెక్కలను తినేస్తాయి, ప్రెషర్ వాషర్ వాటిని వంచేస్తుంది. ఏటా గ్యాస్ పట్టించాలనే మాట కూడా నేను ఒప్పుకోను. లీకు లేకుండా గ్యాస్ తగ్గదు. బకెట్లో చేరిన నీళ్లు మొక్కలకు పోస్తున్నాను. ఇన్వర్టర్ బ్యాటరీలో పొయ్యకండి, కాయిల్ మీది దుమ్మూ లోహమూ వాటిలో కలిసి ఉంటాయి.

మిగిలిన ఆ ఒక్క చుక్క గురించి నా అనుమానం: ట్రే అడుగున ఫోమ్ ఎడమ వైపు ఆరు సెంటీమీటర్ల మేర ఊడింది, బహుశా నేను తుడిచేటప్పుడే. చల్లటి ప్లాస్టిక్‌కు గది గాలి తగిలి చెమట పడుతోంది. రేపు 24కు బదులు 27 పెట్టి లెక్కపెడతాను. చుక్కలు తగ్గితే ఆ అనుమానానికి బలం వస్తుంది. రాగి పైపులకు చుట్టే నల్ల ఫోమ్ ముక్క తెచ్చి అంటించాలి.

రోహిణి కార్తె లోపు బందరులో అమ్మవాళ్ల ఏసీ కూడా చూడాలి. అక్కడ సముద్రపు గాలికి బయటి యూనిట్ రెక్కలు తెల్లగా పొడి రాలుతున్నాయి. అది బాల్కనీ లోపలే ఉంది, వంగి వేలాడాల్సిన పని లేదు, మంచి నీళ్లతో కడగొచ్చు. దాని కెపాసిటర్లలో ఎంసీబీ దించాక కూడా కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి పక్క మూత జోలికి పోను. ఈసారి మాత్రం లోపలి యూనిట్లో మొదట వెనక కాలువే చూస్తాను. సిరంజి, గొట్టం ఇప్పుడే సంచిలో పెట్టేశాను.