మామ తెచ్చిన సీసా

నాకు పసిరికలు అయ్యాయని మొదట కనిపెట్టింది దేవరకొండలో గడ్డం గీసే అన్న. కత్తి పక్కన పెట్టి, బొటనవేలితో కింది రెప్ప లాగి చూసి, "తమ్మీ, కండ్లు పసుపు పూసినట్టున్నయి, దవాఖానకు పో" అన్నాడు. అప్పటికే వారం నుంచి జ్వరం, పోపు వాసన వస్తే వాంతి. మూత్రం డికాక్షన్ రంగులో వస్తుంటే ఎండలకేమో అనుకున్నాను. కామెర్లోడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు గానీ, నాకైతే ఏదీ పచ్చగా కనిపించలేదు.

నల్లగొండలో రక్త పరీక్ష చేయిస్తే, కండ్లకు పసుపు తెచ్చే బిలిరుబిన్ 8.4. మామూలుగా 1.2 దాటకూడదు. హెపటైటిస్-ఎ, అంటే వైరస్‌తో లివర్ వాచే జబ్బు అన్నారు డాక్టరమ్మ. "నెల కింద బయట నీళ్లేమైనా తాగారా?" అని అడిగారు. ఆ వైరస్ ఒంట్లో చేరాక బయటపడడానికి 15 నుంచి 50 రోజులు పడుతుందట. లెక్కేస్తే ఒక పెళ్లి దగ్గర ఆగింది. అక్కడ డ్రమ్ములో చెంబు ముంచుకుని తాగాం. దీనికంటూ మందు లేదు, రెస్టు తీసుకుని తినగలిగింది తినండి అని పంపేశారు.

మందు లేదన్న మాట మా ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు. అమ్మ నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి పరగడుపున తాగించింది. ఉప్పు, నూనె, కారం బంద్. పక్కింటి పెద్దమ్మ చేతికి వాత పెట్టించమంది, దానికి మాత్రం నేను ఒప్పుకోలేదు. మూడో రోజు మేనమామ రోహితకారిష్టం సీసాతో దిగాడు. రోహితక బెరడుతో చేస్తారు. ఆయుర్వేదంలో కాలేయానికీ ప్లీహానికీ పేరున్న చెట్టు. రాజస్థాన్‌లో రోహెడా అంటారు, ఆ రాష్ట్ర పుష్పం దీనిదే. "ఎడారి ఇసుకల బతికే చెట్టురా, నీ లివర్‌ను బతికియ్యదా?" అన్నాడు మామ.

రెండు రోజులు తాగాను. వగరు, వెనకాల బెల్లం పులిసిన వాసన. ఆ వాసనకే అనుమానమొచ్చి లేబుల్ చూస్తే, చీమ తలకాయంత అక్షరాల్లో ఆల్కహాల్ ఇంత శాతమని ఉంది. అరిష్టమంటేనే పులియబెట్టింది కదా, నాకే తట్టలేదు. ఫోన్ చేస్తే డాక్టరమ్మ సీసాతో పాటు పసరు కూడా ఆపమన్నారు. అమ్మ వారం రోజులు ఆమె పేరెత్తలేదు.

నాలుగో వారంలో ఒక పొద్దున పక్కింట్లోంచి పుంటికూర పప్పు పోపు వాసన వచ్చింది. కడుపు తిప్పలేదు, ఆకలేసింది. తర్వాతి పరీక్షలో 1.1.

మామ ఫోన్ చేసి సీసా అయిపోయిందా అని అడిగాడు. అల్మారాలో ముప్పావు నిండుగా ఉన్నదాన్ని చూస్తూ, అయిపోయింది మామా అన్నాను.

"నేను చెప్పలేదా! ఆగు, ఇంకోటి పంపిస్త."