పర్లాకిమిడిలో మా మేడకి ప్రెజర్ పంపు పెట్టించిన అనుభవం

పర్లాకిమిడిలో మా ఇంటి మేడ మీద బాత్రూములో షవర్ ఉన్నా లేనట్టే ఉండేది. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, వంగి చెంబుతో పోసుకోలేరు. కుర్చీలో కూర్చుని షవర్ కింద స్నానం చేయడమే ఆవిడకి సుఖం. అందుకే నీళ్ల జోరు పెంచే ప్రెజర్ పంపు పెట్టించాలనుకున్నాం.

పంపు కొనేముందు నీళ్లెందుకు సన్నగా వస్తున్నాయో చూశాం. షవర్ జల్లెడకి పట్టిన తెల్లటి సున్నం గీకి కడిగాం, ట్యాంకు దగ్గర వాల్వ్ పూర్తిగా తిప్పాం. అయినా 20 లీటర్ల బకెట్ కింది అంతస్తు కొళాయి దగ్గర 2 నిమిషాల్లో నిండితే, మేడ మీద 5 నిమిషాలు దాటింది. నీళ్లు 10 మీటర్ల ఎత్తు నుంచి దిగితే సుమారు 1 బార్ ప్రెజర్ వస్తుంది. మా ట్యాంకుకీ షవర్‌కీ మధ్య ఉన్నది 2 మీటర్లే, అంటే 0.2 బార్. ఇక పంపు తప్పదు.

పాతపట్నం నుంచి వచ్చిన ప్లంబరు, "ఇదంతా ఎందుకమ్మా, వీధి కొళాయి లైనుకే తగిలించేద్దాం, నీళ్లు దంచి కొడతాయి" అన్నాడు. వద్దంటే వద్దన్నాను. ఆ లైన్లో ఎక్కడైనా చిల్లు ఉంటే, పంపు లాగే ఊపుకి పక్కనున్న కాలవ మురికి కూడా లోపలికి వస్తుంది. పక్కవాళ్ల ఇంట్లో చిన్నపిల్లలున్నారు, వాళ్ల వాటా నీళ్లు లాక్కోవడం నాకు అసలు ఇష్టం లేదు. పైగా అది నిబంధనలకీ విరుద్ధం. పంపు మన ట్యాంకు తర్వాతే ఉండాలి.

షాపులో అర హార్స్‌పవర్ది తీసుకోమన్నారు. మా పైపులు పాతవి, అంత జోరుకి జాయింట్లు ఊడొచ్చు. షవర్ తిప్పగానే దానంతటదే ఆన్ అయ్యే 120 వాట్ల చిన్నది తెచ్చాం.

నాకు అసలు టెన్షన్ కరెంటు గురించే. తడి నేల, తడి ఒళ్లు, లోహపు షవర్, దాని వెనక మోటారు. ఎలక్ట్రీషియన్‌ని ముందు ఎర్త్ చూడమన్నాను. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెడితే మినుకుమినుకుమంది, అంటే ఎర్త్ పని చేయడం లేదన్నమాట. పెరట్లో ఎర్త్ గుంత తవ్వితే మట్టి ఎండి బీటలు వారి ఉంది, పైపుకి కట్టిన తీగ తుప్పుపట్టి పొడిపొడిగా రాలింది. కొత్త పైపు దింపి, బొగ్గు, ఉప్పు వరసలుగా వేసి నీళ్లు పోయించాం. మళ్లీ బల్బు పెడితే నిండుగా వెలిగింది. తర్వాత పంపుకి విడిగా లైను లాగి, దానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్), ఒక ఎంసీబీ (లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా ఆపేసే స్విచ్) పెట్టించాం. వైరు ముక్కలు టేపుతో అతికించనివ్వలేదు. ఖర్చు తగ్గించాలంటే టైల్స్‌లో తగ్గించుకోండి, ఇక్కడ మాత్రం వద్దు.

సోలార్ హీటర్ ఉన్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. మాదానికి పైన గాలి గొట్టం ఉంది. అలాంటి ట్యాంకుకి పంపు ప్రెజర్ తగిలితే నీళ్లన్నీ ఆ గొట్టంలోంచి పొర్లిపోతాయి, ట్యాంకూ పాడవుతుంది. అందుకని సోలార్‌కి వెళ్లే పైపు పక్కకి చీలిన చోటు దాటాకే, షవర్ వైపు లైన్లో పంపు పెట్టాం. సోలార్ వేడినీళ్లు బకెట్ కొళాయికి వదిలేసి, షవర్‌ని గీజరుకి కలిపాం. గీజరు ప్లేటు మీద 8 బార్ దాకా తట్టుకుంటుందని ఉంది, సేఫ్టీ వాల్వ్ కూడా ఉంది.

బిగింపు తొందరగానే అయింది. పంపు మీది బాణం నీళ్లు వెళ్లే వైపుకే ఉండాలి, మోటారు షాఫ్ట్ అడ్డంగా ఉండాలి. ముందొక జాలీ ఫిల్టరు, పంపు విప్పుకోవడానికి రెండు పక్కలా యూనియన్లు (మర తిప్పి విడదీసే జాయింట్లు), కరెంటు పోయినా నీళ్లు దిగడానికి బైపాస్ లైను పెట్టారు. ఆ బైపాస్‌లో ఎన్‌ఆర్‌వీ (నీళ్లని ఒకవైపే వెళ్లనిచ్చే వాల్వ్) తప్పనిసరి, లేకపోతే పంపు తోసిన నీళ్లే దాని చుట్టూ తిరుగుతుంటాయి. స్విచ్ వేసేముందు పంపు మీది స్క్రూ వదులు చేసి గాలి బయటికి పంపారు. నీళ్లు లేకుండా తిప్పితే సీలు కాలిపోతుంది.

కొళాయిలన్నీ కట్టేసినా పంపు ఉండుండి ఆన్ అవుతోంది. వెతికితే ఫ్లష్ ట్యాంకులో వాల్వ్ కారుతోంది, వాషరు మార్చగానే ఆగింది. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూస్తున్నాను, టక్కున పడాలి. పడకపోతే ఆ రోజు పంపు వాడం.