ముహూర్తం పెట్టించండి, కానీ 39 వారాలు నిండాకే

రెండో కాన్పు కూడా సిజేరియనే అని ఇక్కడ డల్లాస్‌లో ఖాయం కాగానే, కరీంనగర్ నుంచి నాన్న ముహూర్తాలు పంపారు. అందరికీ నచ్చిన నక్షత్రం 37వ వారంలో పడింది. డాక్టర్ ఒప్పుకోలేదు. తల్లికో బిడ్డకో ఇబ్బంది ఉంటే తప్ప, ముందే అనుకుని చేసే ఆపరేషన్ 39 వారాలు నిండాకే అంది. "37 అంటే నెలలు నిండినట్టే కద బిడ్డా, ఇక్కడ చేస్తున్నరు గద" అని నాన్న బాధపడ్డారు.

కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తుల్లో నీరే ఉంటుంది. దాన్ని ఊపిరితిత్తులే తయారుచేస్తాయి. నొప్పులు మొదలయ్యాక బిడ్డ ఒంట్లో అడ్రినలిన్ లాంటి హార్మోన్లు బాగా పెరుగుతాయి, వాటితో ఆ నీరు ఇంకడం మొదలవుతుంది. నొప్పులు రాకముందే తీస్తే ఆ పని సరిగ్గా జరగదు. 39 కంటే ఎంత ముందు తీస్తే ఊపిరి ఇబ్బంది అంత ఎక్కువ. నాన్నకు ఇదంతా వివరంగా చెప్పాక, 39 దాటిన రోజుల్లో ఇంకో ముహూర్తం చూపించారు.

అయినా మావాడికి పుట్టిన కాసేపటికే ఆయాసం మొదలైంది. ముక్కుపుటాలు ఎగరేస్తున్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోతోంది, వదిలినప్పుడు సన్నటి మూలుగు. పుట్టిన పిల్లలు మామూలుగా నిమిషానికి 40 నుంచి 60 సార్లు ఊపిరి తీస్తారు. వాడు 60 ఎప్పుడో దాటేశాడు. "ఉమ్మనీరు తాగిండా ఏంది?" అంది అమ్మ వీడియో కాల్‌లో. తాగలేదమ్మా, లోపలి నీరే ఇంకా ఇంకలేదు అన్నాను. ముక్కు ద్వారా కాస్త ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ యంత్రం పెట్టారు. అంత ఆయాసంలో పాలు పడితే పొలమారుతుందని సెలైన్ ఎక్కించారు. లోపలి నీరు ఇంకక వచ్చే ఈ ఆయాసాన్నే టీటీఎన్ అంటారు, చాలామందికి రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. వాడికీ తగ్గింది. 37లోనే తీసి ఉంటే ఇంకెంత కష్టపడేవాడో అని ఇప్పటికీ అనుకుంటాను.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. అందుకే ఇక్కడి మన పిల్లలతో, అక్కడి వదినలతో ఒకటే చెబుతున్నాను. జాతకం చూడొద్దని నేననను, మాకూ నమ్మకముంది. పంతులుగారికి 39 వారాలు నిండే తేదీ చెప్పి, ఆ తర్వాతి రోజుల్లోనే మంచి ఘడియ చూడమనండి. బీపీ పెరిగినా, బిడ్డ కదలికలు తగ్గినా మాత్రం ఈ లెక్కలన్నీ వదిలేసి, డాక్టర్ ఎప్పుడు తీయాలంటే అప్పుడే తీయించండి.