కాగితాన్ని లాగితే చాలదు: మా ఫ్యూమ్ హుడ్ పరీక్ష

భీమవరం దగ్గర రొయ్యల మేతనూ చెరువు నీటినీ పరీక్షించే చిన్న ల్యాబులో పనిచేస్తున్నాను. మేతలో ప్రోటీన్ ఎంతుందో తేల్చడానికి కెల్డాల్ పద్ధతి వాడతాం. మేత పొడిని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో దాదాపు 420 డిగ్రీల దగ్గర కాచి, చివరికి తేలిన నత్రజనిని 6.25తో హెచ్చిస్తాం. కాచేటప్పుడు తెల్లటి ఆమ్లపు పొగ లేస్తుంది. ఆ పొగ మనిషి ముక్కుదాకా రాకుండా ఆపవలసింది ఫ్యూమ్ హుడ్డే, అంటే లోపలి గాలిని లాగి బయటికి తోసే, ముందు అద్దపు తలుపున్న పెద్ద పెట్టె. కిందటి వేసవిలో మా అసిస్టెంటు అమ్మాయి, "మేడం, హుడ్ ముందు నిలబడితే గొంతు మండుతోందండీ" అంది. అప్పటికే వారం నుంచి దగ్గుతోంది. ఆ మాట ముందే అడిగి తెలుసుకోనందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

సర్వీసు చేసే ఆయన వచ్చి, అద్దపు తలుపు కింద టిష్యూ కాగితం పట్టుకున్నారు. అది లోపలికి వంగింది. "లాగుతోంది కదండీ, ఇంకేం కావాలి?" అన్నారు. ఫ్యాక్టరీలో పరీక్షించిన ధ్రువపత్రం కూడా చూపించారు. దాంట్లో ప్రమాణం పేరు 'ఆష్రే 110' అని ఉంది. ఆ రాత్రి దాని గురించి కూర్చుని చదివాను. హుడ్‌ను మూడు దశల్లో పరీక్షించవచ్చట: తయారైనప్పుడు, బిగించాక, వాడుకలో ఉండగా. మా దగ్గరున్నది మొదటి దశ కాగితమే. ఫ్యాక్టరీ గదిలో మా సీలింగ్ ఫ్యాను లేదు, మా ఏసీ లేదు, మా సీసాల గుట్ట లేదు.

ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే స్నేహితురాలి దగ్గర గాలి వేగం కొలిచే ఎనిమోమీటర్ అరువు తెచ్చాను. తలుపును 45 సెంటీమీటర్ల ఎత్తుకు లేపి, 120 సెంటీమీటర్ల వెడల్పున్న ఆ ఖాళీని దారాలతో ఎనిమిది గడులుగా విడదీశాం. ఒక్కో గడి మధ్యలో ఇరవై సెకన్ల సగటు తీసుకున్నాం. మొదటిసారి చేత్తో పట్టుకుంటే అంకెలు నిలకడగా రాలేదు. ఎదురుగా నిలబడ్డ మన శరీరమే గాలిని చెదరగొడుతుంది, అందుకని స్టాండుకు బిగించి పక్కకు జరిగాం. సెకనుకు 0.4 నుంచి 0.5 మీటర్ల వేగం ఉండాలి. మాకు సగటున 0.21 వచ్చింది. కాగితాన్ని వంచడానికి ఆ మాత్రం గాలి చాలు, ఆమ్లపు పొగను పట్టి ఉంచడానికి చాలదు.

బెల్టు పుల్లీ మారిస్తే హుడ్ గాలిని లాగే బ్లోయర్ వేగం పెరుగుతుందని సర్వీసు ఆయన అన్నారు. నేను ఒప్పుకోలేదు. కారణం తెలియకుండా వేగం పెంచడం జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్ర వేయడం లాంటిది. పైగా వేగం మరీ ఎక్కువైతే హుడ్ ముందు నిలబడ్డ మనిషి చుట్టూ సుడులు లేచి, లోపలి పొగనే బయటికి తెస్తాయి.

మా ఎలక్ట్రీషియన్ మేడ మీదికి ఎక్కి బ్లోయర్ ఆపి, మళ్లీ వేసి చూశారు. "మేడం, ఇది తిరగవలసిన వైపు తిరగడం లేదండీ" అని పైనుంచి కేకేశారు. ఏప్రిల్‌లో గాలివానకు తీగలు తెగితే లైను మరమ్మతు చేశారు. అప్పుడు మూడు ఫేజుల్లో రెండు తారుమారై, మోటారు వెనక్కి తిరగడం మొదలైంది. ఇలాంటి బ్లోయర్ వెనక్కి తిరిగినా గాలిని అదే దిక్కుకు నెడుతుంది, కాకపోతే చాలా తక్కువగా. అందుకే కాగితం వంగుతూనే ఉంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. రెండు తీగలు మార్చగానే 0.42కు చేరింది.

గది తలుపు తెరిస్తే 0.51, మూస్తే మళ్లీ 0.42. లెక్క వేశాను: 0.5 వేగం దగ్గర హుడ్ గంటకు దాదాపు 970 ఘనపు మీటర్ల గాలిని బయటికి తోస్తుంది. మా గది మొత్తం 60 ఘనపు మీటర్లు. అంటే గంటకు పదహారుసార్లు గది ఖాళీ అవుతుంది, అంత గాలి బయటి నుంచి రావాలి. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే చల్లబరుస్తుంది గాని కొత్త గాలిని తేదు. హుడ్‌కు దూరంగా ఉన్న కిటికీకి జాలీ పెట్టించాం. గది తలుపు మూసినా 0.5 నిలిచింది.

అయినా నాకు తృప్తి కలగలేదు. వేగం సరిగా ఉన్నా పొగ బయటికి రావచ్చు, దాన్ని కళ్లతో చూడాలి. అగరుబత్తి పొగ వేడిగా ఉండి పైకే పోతుంది కాబట్టి అది నమ్మదగ్గ పరీక్ష కాదు. పెళ్లి వేదికల మీద వధూవరుల కాళ్ల దగ్గర మేఘంలా పరుచుకునే పొగ గుర్తుకొచ్చింది. అలంకరణ చేసేవాళ్ల దగ్గర డ్రై ఐస్ కొని, చేతి తొడుగులతో గోరువెచ్చని నీళ్ల బకెట్‌లో వేసి హుడ్ లోపల పెట్టాం. ఫ్యానూ ఏసీ ఆపినప్పుడు పొగ ముద్దలా హుడ్ వెనక గోడలో గాలిని లాగే చీలికల్లోకి పోయింది. ఏసీ వేయగానే కుడి మూల నుంచి పాయలా బయటికి జారి నేలకు దిగింది. అసిస్టెంటు నిలబడే చోటు సరిగ్గా అదే. అక్కడ అడ్డగాలి కొలిస్తే 0.35 ఉంది. హుడ్ ముఖద్వారం దగ్గరి వేగంలో సగాన్ని అది దాటకూడదు. వెనక చీలికలను మూసేస్తూ పేర్చిన ఆమ్లం సీసాలు మరో తప్పు. అవి నా చేతులతో పెట్టినవే.

ఏసీ రెక్కలను గోడవైపు తిప్పాం. హుడ్ ముందున్న ఫ్యాను తీసేశాం. సీసాలు బీరువాలోకి వెళ్లాయి. కాచే పరికరాన్ని తలుపు అంచు నుంచి 15 సెంటీమీటర్లు లోపలికి జరిపాం. మళ్లీ పొగ వదిలితే మూల నుంచి ఒక్క పాయా రాలేదు.

సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే వాయువును నిమిషానికి నాలుగు లీటర్ల చొప్పున లోపల వదిలి, బయట మనిషి బొమ్మ ముక్కు దగ్గర ఎంత చేరుతుందో కొలిచే పరీక్ష ఇంకా మిగిలే ఉంది. ఆ పరికరాలున్నవారిని పిలిపించమని యాజమాన్యానికి రాసి ఇచ్చాను.

ఇప్పుడు హుడ్ పక్కన ఎనిమిది గడుల అంకెలు, తేదీ అంటించి ఉన్నాయి. 45 సెంటీమీటర్ల దగ్గర ఎర్ర గీత గీశాం. కిందటి నెల అంకెలు అసిస్టెంటు అమ్మాయే స్వయంగా కొలిచింది. ఆ కాగితం అడుగున తన చేతిరాతతో ఇంకో మాట చేర్చింది: "కరెంటు లైను మరమ్మతు జరిగితే, ముందు మేడ మీదికి వెళ్లి బ్లోయర్ ఎటు తిరుగుతోందో చూడాలి."